చైనావాళ్ళూ, రొయ్యల పచ్చడీ

మైపాడు నుంచి నెల్లూరు వచ్చే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ ఒళ్ళో పింగాణీ జాడీ పెట్టుకుని కూర్చుంది. కూతురి కోసం పట్టిన రొయ్యల పచ్చడి అని చెప్పింది. నేను చరిత్ర మాస్టారిని, నోరు ఊరుకోలేదు. పింగాణీ, కాగితం, పట్టు, దిక్సూచి అన్నీ ప్రాచీన కాలంలోనే చైనావాళ్ళు కనిపెట్టారని బస్సంతా వినేలా చెప్పాను. ఆమె శ్రద్ధగా తలూపుతూ వింది.

ఇంతలో అడ్డొచ్చిన గేదెను చూసి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. ఆమె జాడీని గుండెకు అదుముకుంది గానీ, మూత పక్కకు జరిగి ఎర్రటి నూనె నా తెల్ల ప్యాంటు మీద ఒలికింది.

ఆమె కొంగుతో తుడుస్తూ, "ఇన్ని కనిపెట్టినోళ్ళు, అయ్యోరా, బిగుతుగా ఉండే మూత ఒకటి కనిపెట్టలేకపోయినారా?" అంది.

ఇప్పటికీ తరగతిలో ఆ చైనా పాఠం అవగానే, పిల్లలెవరైనా అదే మాట అడుగుతారేమోనని గబగబా పుస్తకం మూసేస్తాను.