అత్త మెచ్చిన కెమెరా

ప్రత్యేక రాష్ట్రం కోసం సిద్దిపేట రోడ్డెక్కిన రోజుల్లో నేను రెండు చోట్ల కొట్లాడాను. పగలంతా దీక్ష టెంటు కింద, పొద్దు గూకితే ఇంట్లో. టెంటు కింద నా పక్కన ఊరంతా ఉంది. ఇంట్లో మాత్రం నేనొక్కదాన్నే. ఆ ఇంటి కొట్లాట సంగతే ఇది.

నేను బడి పంతులమ్మను. మా ఆయనకు మస్కట్‌లో ఉద్యోగం. మామ నంగునూరులో పొలం దగ్గరే ఎక్కువగా ఉండేవాడు. సిద్దిపేట ఇంట్లో మిగిలేది నేనూ మా అత్తా. టీచర్లంతా సమ్మెలోకి దిగాక, నేను పొద్దున్నే వంట ముగించి టెంటుకు పోయేదాన్ని. అత్త గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఇంటికి కాపలా ఉండేది.

అంతలో మా వెనక వీధిలో ఓ ఘోరం జరిగింది. బండి మీద వచ్చిన ఇద్దరు మంచినీళ్లు అడిగి, ఒంటరిగా ఉన్న పెద్దామె మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుని పోయారు. ఆ కబురు నా చెవిన పడేలోపే కొండపాక చేరింది. మర్నాడు పొద్దున్నే అక్కడ ఉండే మా బావ, అంటే మా ఆయన అన్న, మోటార్ సైకిల్ మీద దిగాడు.

మా వైపు తమ్ముడి భార్యతో బావ నేరుగా మాట్లాడడు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా సరే, మాట తల్లికి చెప్పి నాకు వినిపిస్తాడు.

"అవ్వా, బడి లేకపోతె ఇంట్ల ఉండాలె గద? నిన్నొక్కదాన్నే ఇడిసిపెట్టి గా టెంటు కింద ఏం పని అని అడుగు."

నేనూ గోడ వైపు తిరిగి జవాబు చెప్పాను. "రాష్ట్రమొస్తే ఇంట్ల కూసున్నోళ్లకు గూడ వస్తది అత్తమ్మా. అందరు ఇంట్లనే కూసుంటె ఎవ్వలకు రాదు."

అత్త ఎవరి వైపూ మొగ్గకుండా చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. ఆ సాయంత్రం మస్కట్ నుంచి ఫోనొచ్చింది. "అన్న చెప్పింది జర ఇను. అవ్వ ఒక్కతే ఉంటది. కొన్ని దినాలు టెంటు బంద్ వెట్టు" అన్నాడు మా ఆయన. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఊళ్లో చంటిపిల్లల తల్లులు వచ్చి కూర్చుంటుంటే నేను ఇంట్లో తలుపేసుకోవాలా?

"టెంటు బంద్ వెట్టను. ఇంటికి కెమెరా వెడ్త. టెంటు కింద కూసుని అత్తమ్మను ఫోన్ల చూసుకుంట" అన్నాను.

నోట్లోంచి మాటైతే వచ్చేసింది గానీ, అప్పటికి కెమెరా గురించి నాకు తెలిసింది గుండు సున్నా. ఆయన మాత్రం సరే అన్నాడు. వాళ్ల కంపెనీ ఆఫీసులో అలాంటివి చూశాడట. కెమెరా కుదిరితే టెంటు, కుదరకపోతే ఇల్లు. ఇదీ మా ఒప్పందం.

బావకు సంగతి తెలిసి ఇంకో మెలిక పెట్టాడు. "హాల్ల ఒకటి, వంటింట్ల ఒకటి పెట్టుమను అవ్వా. ఎవ్వలు ఎప్పుడొచ్చిన్రు, ఎప్పుడు పోయిన్రు, అన్ని తెలుస్తయి." ఆ కెమెరాలు దొంగ కోసం కాదని, నా కోసమని నాకు వెంటనే అర్థమైంది. దొంగ గేటు దాటి రావాలి గానీ వంటింట్లో మొలకెత్తడు కదా. కెమెరా నేనే ఎంచుకుంటానని ఖరాఖండిగా చెప్పేశాను.

బస్టాండు దగ్గర టీవీల దుకాణం ఉండేది. దాని యజమాని, నెరిసిన గడ్డం పెద్దమనిషి, కొత్తగా కెమెరాలు కూడా అమ్ముతున్నాడు. గేటు దగ్గర మనిషి మొహం గుర్తుపట్టాలి, కరెంటు పోయినా ఇన్వర్టరు మీద నడవాలి, టెంటులో నా ఫోనుకు బొమ్మ రావాలి అని చెప్పాను. ఆయన నిగనిగలాడే కెమెరా ఒకటి తీసి, "ఇది చీకట్ల గూడ చూస్తది టీచరమ్మా. ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు.

ఫికరు చెయ్యొద్దు అనేవాళ్లను చూస్తే నాకు ఫికరు ఎక్కువవుతుంది. "ఇంటికి తెచ్చి చూపియ్యుండ్రి. నచ్చితెనే తీసుకుంట" అన్నాను.

ఆయన పొద్దు గూకే వేళకు వచ్చి గేటుకు కెమెరా కట్టి, తీగ లాగి మా టీవీకి కలిపాడు. దొంగలాగా వీధిలోంచి నడిచి రమ్మని అత్తను పంపాను. తెర మీద మొహం బాగానే తెలిసింది. అత్త ఉత్సాహంగా లోపలికొచ్చి, అప్పుడే రికార్డయిన తన బొమ్మను చూసుకుంది. చూసి, కొయ్యబారిపోయింది.

అత్త కట్టుకున్నది ముదురెర్ర చీర. తెర మీద అది తెల్లచీర. నుదుట రూపాయంత బొట్టు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"నీ కెమెరా పాడుగాను! మొగడు బతికుండంగనే నాకు తెల్లచీర కట్టిస్తివి గదయ్యా!" అని అత్త అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు బయటికొచ్చారు.

"చీకట్ల దానికి రంగులు తెల్వయమ్మా. అందరు గట్లనే కనవడ్తరు" అని ఆయన నచ్చజెప్పబోయాడు. అత్త వింటేగా! దేవుడి గూటి దగ్గరికి పోయి, ఉన్న బొట్టు మీదే ఇంకో బొట్టు దిద్దుకుంది. ఆ కన్ను ఈ గడప మీద ఉండొద్దని తేల్చి చెప్పేసింది.

కెమెరా పోతే టెంటూ పోయినట్టే. బావ మొహం కళ్ల ముందు మెదిలి ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఉపాయం తట్టింది. చీకట్లో రంగులు తెలియకపోతే, అసలు చీకటే లేకుండా చేస్తే సరి!

"పగటి పూట రంగులల్ల చూపిస్తది సూడుండ్రి, గసొంటి సాదాది తెండ్రి. గేటు మీద బల్బు నేను వెడ్త. దాన్ని గూడ ఇన్వర్టరుకె కలపండ్రి" అన్నాను.

అది పాత రకమని, ఎవరూ అడగడం లేదని ఆయన గొణిగాడు. అయినా మర్నాడు తెచ్చి బిగించాడు. మసక చీకటి పడ్డాక బల్బు వేసి, అత్తను బతిమాలి గేటు దాకా పంపాను. తెర మీద ఎర్రచీర ఎర్రగానే ఉంది. బొట్టు ఇంకా ఎర్రగా ఉంది. అత్త అదే పనిగా తన బొమ్మ చూసుకుని, "ఇగో, గిది నేను. గిదే ఉండనియ్యి బిడ్డా" అంది.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అత్తకు కెమెరా నచ్చడమంటే అత్త నా పక్షం రావడమే. ఆదివారం బావ వచ్చి, వంటింట్లో కెమెరా ఏదని అడిగాడు. నేను గోడ వైపు తిరిగేలోపే అత్త అందుకుంది. "నేను ఇంట్ల కొంగు జారిచ్చుకుని పంటె, నువ్వు కొండపాకల కూసుని సూస్తవారా?" బావ గబగబా చాయ్ తాగేసి బండెక్కాడు. రెండో కెమెరా మేడమెట్ల వైపు బయటే బిగించాం. పాస్‌వర్డ్ నేను పెట్టుకున్నాను. మస్కట్‌లో మా ఆయన చూసుకోవడానికి మాత్రం వీలు చేయించాను.

ఇక నేను దర్జాగా టెంటు కింద కూర్చున్నాను. నినాదానికీ నినాదానికీ మధ్య ఫోను తీసేదాన్ని. బొమ్మ ఆగి ఆగి వచ్చేది. పక్కనున్న ఆడవాళ్లంతా మీద పడి, "అగో మీ అత్త!" అని మురిసిపోయేవాళ్లు.

కొన్నాళ్లకు మా వీధి చివర పెద్ద రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నాం. రోడ్డుకడ్డంగా రాళ్ల పొయ్యిలు పేర్చి, అక్కడే వండుకుని, అక్కడే తినాలి. పొగకు కళ్లు మండుతుంటే మస్కట్ నుంచి ఫోను.

"అవ్వ ఇంటికి తాళమేసి ఏడికో పోతుంది! పచ్చచీర కట్టింది, నెత్తి మీద పెద్ద గంజున్నది! ఎటు పోతుందో జర సూడు!"

నేను చూడనక్కర్లేకపోయింది. జనంలోంచి దారి చేసుకుంటూ, నెత్తి మీద గిన్నెతో అత్త నా ముందుకొచ్చి నిలబడింది. ఒక్కరోజైనా పక్కింటి పెళ్లికి కూడా గడప విడిచి పోని మనిషి! నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"నీ కొడుకు పరేషాన్ అవుతుండు" అని ఫోను ఆమె చెవికి ఆనించాను.

"ఇంటికాడ ఎవ్వలు లేరు గదనే అవ్వా!" అతని కేక నాకు కూడా వినిపించింది.

అత్త గిన్నె దించి పొయ్యి మీద పెడుతూ, తాపీగా చెప్పింది.

"నువ్వు సూస్తనే ఉన్నవ్ గద బిడ్డా. ఇగ కాపలా నీదే. మేం అన్నం వండాలె."