పుస్తకాల వ్యానుకు రెండు డిస్కులు

1978లో నన్ను విశాఖపట్నంలో ఒక సంచార గ్రంథాలయానికి సహాయ లైబ్రేరియన్‌గా వేశారు. సంచార గ్రంథాలయమంటే అరలు బిగించిన పాత వ్యాను. ఒకరోజు జాలరిపేట, ఒకరోజు దువ్వాడ, అలా తిరిగేవాళ్లం. పాఠకులు పుస్తకాలు తామే తీసుకునేవారు. నేను తేదీ ముద్ర వేసి తల దించుకునేదాన్ని. ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు రోజే ఆ మాటలు డైరీలో రాసుకునే నాకు అంతకన్నా మంచి ఉద్యోగం ఉండదు.

ఉప్పుగాలికి తుప్పుపట్టి ముందు చక్రాల డిస్కులు, అంటే టైరును మోసే ఇనుప పళ్లాలు, బోల్టు కన్నాల దగ్గర పగిలాయి. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. నెలాఖరుకు సరిపోయే డిస్కులు దొరక్కపోతే వ్యానును కండెమ్ చేస్తామని, అంటే పనికిరాదని రాసి వేలానికి పంపుతామని అధికారి చెప్పారు. అప్పుడు నేను ప్రధాన గ్రంథాలయం కౌంటరుకు వెళ్లాలట. అక్కడ పొద్దస్తమానం జనంతో మాట్లాడాలి, ఆలస్య రుసుము కోసం పోట్లాడాలి. ఆ భయంతో డిస్కులు వెతికే పని నేనే తీసుకున్నాను.

పగిలిన డిస్కు మీద పెద్ద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది బోల్టు కన్నాల అచ్చు తీశాను. చాలా అందంగా వచ్చింది. కొట్టువాళ్లకు అది చూపిస్తే చాలు, నోరు విప్పక్కర్లేదు. అదీ నా తెలివి.

డ్రైవరు అప్పలరాజుతో జ్ఞానాపురంలో పాత ఇనుము కొట్లన్నీ తిరిగాను. ఒకచోట అచ్చు అతికినట్టు సరిపోయింది. కొన్నాం. బోల్టులూ చక్కగా పట్టాయి. స్టీరింగు తిప్పగానే టైరు వెళ్లి లోపలి రాడ్డుకు రాసుకుంది. డిస్కుకు లోతు కూడా ఉంటుందనీ, అది కాగితం మీదికి రాదనీ అప్పుడు తట్టింది.

"అమ్మగోరూ, బొమ్మ బాగా గీసేరు గానీ, బొమ్మ మీద బండి నడుత్తాదేటి?" అన్నాడు అప్పలరాజు.

"నువ్వూ చూశావుగా!"

"సూసేనండి. బొమ్మ అంత బాగుంటే నాకు మాత్రం అనుమానం ఎందుకొత్తాది?"

ఈసారి కొన్నవాటితోపాటు పగిలిన డిస్కునూ రిక్షాలో వేసుకుని అదే కొట్టుకు వెళ్లాం. అమ్మిన సరుకు వాపసు తీసుకోనని యజమాని అటు తిరిగిపోయాడు. నాకు కౌంటరు కళ్లముందు కనిపించింది. నోరు తెరిచాను. ఏమన్నానో ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. పక్క కొట్లవాళ్లు సుత్తులు ఆపి వచ్చి నిలబడ్డారు.

"బావా, ఆయమ్మకేటి కావాలో ఇచ్చీరా! ఈదంతా పోగైపోతంది" అన్నాడొకడు.

యజమాని వెనక గోదాము తలుపు తీశాడు. పాత డిస్కు పక్కనే పెట్టి, స్కేలుతో లోతు కూడా కొలిచి, సరైనవి రెండు మార్చుకున్నాం.

నెలాఖరులోపే వ్యాను రోడ్డెక్కింది. అప్పలరాజు సంతోషం పట్టలేక, నేను కొట్టులో చేసిన గొడవంతా ఆఫీసులో అభినయించి చూపించాడు. అధికారి శ్రద్ధగా విన్నారు. అంత నోరున్న మనిషి వ్యానులో ఉంటే వృథా అని, మరుసటి నెలే నన్ను కౌంటరుకు మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

దీనివల్ల నేర్చుకున్నవి రెండు. డిస్కు కొనేటప్పుడు కన్నాలతోపాటు లోతు కూడా కొలవాలి. బేరానికి డ్రైవరును వెంట తీసుకెళ్లకూడదు.