ఎడమ బ్లేడ్ల బేరం

ఆ రోజుల్లో, అంటే యాంగోన్‌లో ఫోన్లు అందరి చేతుల్లోకీ అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. బేరంలో నన్ను మించినవాడు మా పేట పజుండౌంగ్‌లో లేడన్నది ఒకటి, వీడియో చూసి బాగుచేయలేని బండి లోకంలో లేదన్నది రెండోది. (మొదటిదానికి కారణం మాది బియ్యం కొట్టు కావడం. రెండోదానికి కారణమేమీ లేదు.) అందుకే నది అవతల ట్వంటేలో వ్యవసాయం చేసే మా మావ, తన పవర్ టిల్లర్‌కి మట్టి తిరగేసే బ్లేడ్లు అరిగిపోయాయి, మెకానిక్కుని పంపమని ఫోన్ చేస్తే, "మెకానిక్కెందుకు మావా, నానే వొచ్చి బిగించేస్తాను" అన్నాను. అప్పటికే నారు ముదిరిపోతోంది, ఎల్లుండి నాట్లకి మనుషుల్ని పిలిచేశారు, పైగా మొన్నటి వానకి గట్టు తెగింది. "నీకు స్పానరు అట్టుకోడం వొచ్చేటిరా?" అన్నాడు మావ.

మర్నాడు పొద్దున్నే, పాత సామాన్లమ్మే నిమ్మళం తాత కొట్టు తలుపు తీస్తుండగానే వాలిపోయాను. బోణీ బేరాన్ని ఎవరూ పోనివ్వరన్నది నేను ఉగ్గుపాలతో నేర్చిన విద్య. బ్లేడ్లకి చెప్పిన ధరలో సగానికి అడిగాను. తాత నా మొహమైనా చూడకుండా, "అట్టుకుపో బాబూ" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నవాడి సరుకు ఒకసారి తిరగేసి చూడమని మా నాన్న చెబుతూనే ఉండేవాడు. నేను గెలిచిన సంబరంలో సంచీ భుజాన వేసుకుని అవతలి ఒడ్డున ఉన్న దలా వెళ్ళే పడవెక్కేశాను.

ఆ బ్లేడ్లలో సగం ఎడమకీ, సగం కుడికీ వంగి ఉండాలి. నేను తెచ్చినవన్నీ ఎడమకే వంగినవి. ఈ సంగతి నాకు తెలియదు, టిల్లర్‌కి తెలుసు. చకచకా బిగించేసి, చేతులు తుడుచుకుని, కానీయమన్నాను. మావ హేండిల్ పట్టుకోగానే అది మట్టినంతా ఒకే పక్కకి ఎత్తిపోస్తూ, ఆయన్నీ ఈడ్చుకుంటూ బయల్దేరింది.

"ఒరే! ఇది దున్నుతోందా, గోడ కడతోందా?" అని బురదలోంచి మావ కేక.

అన్నం గిన్నెతో గట్టు మీద నిలబడ్డ అత్త తాపీగా అంది: "ఆ గోడేదో గండి పడిన కాడ కట్టించు మరి."

మావ ఆగి, అత్తని చూసి, మట్టిని చూసి, టిల్లర్‌ని గండి వైపు తిప్పాడు. మధ్యాహ్నానికి గండి పూడి, గట్టు లేచింది గానీ, పొలం దున్నకుండా అలాగే ఉంది. పక్కపొలం బర్మా పెద్దాయన నవ్వడానికే వచ్చాడు. మా గట్టు చూసి నవ్వు ఆపేసి, తనదీ అలా వేసిపెట్టమన్నాడు. నేను వెంటనే గంభీరంగా మొహం పెట్టి, ఇవి గట్ల కోసం ప్రత్యేకంగా వెతికి తెచ్చిన బ్లేడ్లనీ, ఊరికే ఇవ్వడం కుదరదనీ బర్మీస్‌లో బేరం మొదలెట్టాను. చివరికి మా టిల్లర్ ఆయన గట్టుకీ, ఆయన టిల్లర్ మా పొలానికీ వెళ్ళాయి. అనుకున్న రోజుకే నాట్లు పడ్డాయి.

"నోరుంది కదరా, సాలు. స్పానరు మాత్రం ముట్టుకోకు" అన్నాడు మావ.

ఇప్పుడు కొట్లో నేనే కూర్చుంటున్నాను. అడిగిన ధరకి ఎవరైనా వెంటనే ఇచ్చేస్తే నాకు గుబులు. వంకాయలైనా సరే, ఒక్కొక్కటీ తిరగేసి ఏ పక్కకి వంగిందో చూస్తాను. "కూరకి ఏ పక్కయితే ఏటండీ?" అంటుంది మా ఆవిడ. నిజమే. ఆ వయసులోనైతే నేను చూసేవాణ్ణే కాదు, సంచీ భుజాన వేసుకుని, గెలిచానని నవ్వుకుంటూ పడవెక్కేసేవాణ్ణి.