సూదిపిట్ట పాట

మా బావ బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజను చప్పుడు విని ఎక్కడ జబ్బో చెప్పేస్తాడు. ఆ రొదలో బతికినవాడికి పిట్టల పిచ్చి ఎలా పట్టిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. చలి తగ్గి చెట్లు చిగురు తొడిగాయంటే ఆయన కాలు ఇంట్లో నిలవదు. సెలవు రోజు తెల్లవారగానే దుర్భిణి మెడలో వేసుకుని, అక్కనీ నన్నూ లేపి, అభయారణ్యానికి లాక్కుపోతాడు. నాకు పిట్టల కంటే నిద్ర మీదే ప్రేమ ఎక్కువ. కానీ కాఫీ ఫ్లాస్కు ఆయన చేతిలో ఉంటుంది కనుక నోరు మూసుకుని వెంట నడుస్తాను.

అడవిలో మాట్లాడకూడదన్నది బావ పెట్టిన చట్టం. పిట్ట కనబడితే పక్కవాళ్లను వేలితో తట్టాలి. ఎడమ భుజం మీద తడితే ఎడమకి, కుడి భుజం మీద తడితే కుడికి, నడినెత్తిన తడితే పైకి చూడాలి. నాకు జుట్టు ముందుగా నడినెత్తినే పల్చబడడానికి కారణం ఆయనేనని నా అనుమానం.

అందరూ పిట్టల్ని కళ్లతో పట్టుకుంటే బావ చెవులతో పట్టుకుంటాడు. కింద చిత్తడి నేలలో రెల్లు మాటున ఏది కూసినా, పైన కొండ అడవిలో ఏది పలికినా పేరు చెప్పేస్తాడు. అన్నిటిలోకీ ఆయన ప్రాణం ఒక్కదాని మీద. బొటనవేలంత ఉండే ఆ పిట్టకు సూదిపిట్ట అని ఆయనే పేరు పెట్టాడు. దాని గొంతు అంత సన్నం. వసంతంలో కొండ మీదికి వచ్చి, ఎండలు ముదరగానే వెళ్లిపోతుంది.

పోయిన వసంతం అది రాలేదన్నాడు బావ. సెలవు దొరికినప్పుడల్లా కొండెక్కి చెవులు రిక్కించి నిలబడ్డాడు. దిగులుతో ఆయనకు అన్నం సయించలేదు. గేటు దగ్గరి కాపలాదారు, ఏ పిట్టలు వచ్చాయో రాసే బోర్డు మీద ‘సూదిపిట్ట లేదు’ అని రాసేశాడు. విచిత్రమేమిటంటే, దాన్ని విన్నవాళ్లు కూడా నోరెత్తలేదు. మెకానిక్కు లేదన్నాక ఉందనిపించడం తమ చెవుల తప్పే అనుకున్నారు. నేనూ విన్నాను. ఏ కీచురాయో అనుకుని ఊరుకున్నాను.

అక్క మాత్రం ఊరుకోలేదు. పక్కనే గడియారం అలారం మోగుతుంటే బావ తాపీగా పేపరు చదువుకోవడం చూసింది.

“పిట్ట వచ్చిందిరా. సన్నటి చప్పుళ్లు ఆయనకే వినపడట్లేదు,” అంది వంటింట్లో నాతో.

“మరి చెప్పొచ్చుగా అక్కా.”

“ఏమని చెప్పను? పిట్ట పోయిందంటేనే ఇలా అయిపోయాడు. చెవి పోయిందంటే తట్టుకుంటాడా?”



ఈ వసంతం కొండెక్కే ముందు బావ అన్నాడు. “ఈసారీ లేకపోతే దుర్భిణి నువ్వే తీసుకోరా. నేనిక రాను.”

పైకి చేరేసరికి ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. అంతలో పాట మొదలైంది. అక్కా నేనూ ఆగిపోయాం. బావ కాసేపు నిలబడి, లేదన్నట్టు తలాడించి, వెనక్కి తిరిగాడు.

అక్క చెయ్యెత్తి ఆయన నడినెత్తిన తట్టింది.

ఆయన పైకి చూశాడు. సరిగ్గా మా తలల మీద, చిగురు చివర సూదిపిట్ట. ముక్కు బార్లా తెరిచి, గొంతు వణుకుతూ, తోక దాకా ఒళ్లంతా ఊగిపోతూ పాడుతోంది. అంత చిన్న ఒంట్లో అంత పాట ఎక్కడ పట్టిందో. దాన్ని కీచురాయి అనుకున్నందుకు నాకు సిగ్గేసింది.

బావ మొహం వెలిగిపోయింది. తర్వాత మెల్లగా అర్థమైంది ఆయనకి. తెరిచి ఉన్న ఆ ముక్కునే చూస్తూ ఉండిపోయాడు. అక్క ఆయన చెయ్యి అందుకుని, అరచేతిలో వేలితో తట్టడం మొదలుపెట్టింది. గబగబా కొన్నిసార్లు తట్టి, కాస్త ఆగి, మళ్లీ గబగబా. పిట్ట గొంతు ఎలా ఆడితే అలా. బావ రెప్ప వేయలేదు.

“ఇన్నాళ్లూ పాడుతూనే ఉందా?” అన్నాడు, తన చట్టం తనే తప్పి.

“పాడుతూనే ఉందండీ.”

“అయితే దానికేం కాలేదన్నమాట,” అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

దిగి వచ్చాక గేటు దగ్గర ఆగి, బోర్డు మీద ‘లేదు’ని చేత్తో తుడిచి ‘ఉంది’ అని రాశాడు.

కాపలాదారు పరుగున వచ్చాడు. “విన్నారా సార్?”

“నాకు వినపడదు,” అన్నాడు బావ. “మా ఆవిడ వినిపించింది.”