తిరగని జెయింట్ వీల్

రాత్రిళ్ళు రొయ్యల గుంటల గట్ల మీద టార్చిలైటు పట్టుకుని ఒంటరిగా తిరిగేవాడు దయ్యాలను నమ్మితే బతకలేడు. నేను నమ్మలేదు. ఇందుకూరుపేట దగ్గర గుంటలు కౌలుకు తీసుకున్నప్పటి నుంచి, ఎవరైనా గాలీ ధూళీ అని మొదలుపెడితే కసిరేవాణ్ణి. ఇప్పుడు కసరడానికి నోరు రావడం లేదు. పోయిన వానాకాలం పట్టపగలు మా బావమరిది సురేష్ నా చేతుల్లో చావాల్సింది. ఎందుకు చావలేదో నాకు తెలియదు.

రొయ్యలు పెంచేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. నీళ్ళలో గాలి కలపడానికి రెక్కల చక్రాలున్న ఏరియేటర్లు తిరుగుతుంటాయి. కరెంటు పోయి అవి ఆగితే కాసేపట్లోనే రొయ్య చచ్చి తేలిపోతుంది. అందుకే షెడ్డులో ఫ్యానో టీవీయో ఆరిపోతే చాలు, కంచం ముందు నుంచైనా లేచి పరుగెడతాం. నేనైతే జనరేటర్ తిప్పి, స్విచ్చి మార్చి, స్టార్టర్లు వరసగా నొక్కేస్తాను. గుంట వైపు తలెత్తి చూసే అలవాటే లేదు.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. సురేష్ సాయానికి వచ్చాడు. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు, వాడి భార్యకు నెలలు నిండుతున్నాయి. వాడు గట్టు మీద తిరుగుతుంటే నేను షెడ్డులో వీడియో గేమ్ ఆడుతూ కూర్చున్నాను. అటక దులుపుతుంటే దొరికింది. చిన్నప్పుడు క్యాసెట్ ఊది ఊది పెట్టి ఆడినదే. "తల నెరిసినాక నీకిదేం పోయేకాలం" అని మా ఆవిడ తిట్టినా వినకుండా షెడ్డుకు తెచ్చుకున్నాను.

ఆట అంతా ఒక పార్కులో జరుగుతుంది. ఒక బుడతడు బొమ్మ రైలు దాటి, బెలూన్ల మీద గెంతి, జెయింట్ వీల్ దగ్గరకు వస్తాడు. కింద నీళ్ళుంటాయి. బటన్ నొక్కితే వీల్ తిరుగుతుంది, దాని తొట్టె ఎక్కి అవతలికి పోవాలి. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని దాటేసినదే అది.

ఆ రోజు వీల్ సగంలో ఆగిపోయింది. పార్కులో జనం కూడా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. సంగీతం మాత్రం వస్తూనే ఉంది. బటన్ నొక్కాను. వీల్ కొంచెం కదిలి ఆగింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే.

అప్పుడు చూశాను, వీల్ కింద నీళ్ళలో ఒక మనిషి ఉన్నాడు. ఆటలో మిగతా బొమ్మల్లాగే గళ్ళు గళ్ళుగా ఉన్నాడు. నడుము లోతున, అటు తిరిగి నిలబడ్డాడు. నా చిన్నతనమంతా ఆడినా ఆ బొమ్మను ఎన్నడూ చూడలేదు. భయపడాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. వీడెవడు అడ్డం అనుకుని బొటనవేలు నొప్పి పుట్టేలా బటన్ నొక్కుతూనే ఉన్నాను.

చెమట కంట్లోకి కారితే తల పైకెత్తాను. ఫ్యాన్ ఆగి ఉంది. బయట ఏరియేటర్ల చప్పుడు లేదు. ఎప్పటి నుంచి లేదో కూడా తెలియదు. కానీ ఎదురుగా టీవీ వెలుగుతోంది, పాట వస్తోంది. టీవీ వెలుగుతుంటే కరెంటు పోయిందని ఎవడనుకుంటాడు? ఫ్యాను సంగతి పట్టించుకోలేదు, ఏరియేటర్లకే ఏదో అయిందనుకున్నాను. జనరేటర్ వైపు పోకుండా గుంట దగ్గరకు నడిచాను.

సురేష్ నడుము లోతు నీళ్ళలో, అటు తిరిగి, ఏరియేటర్ రెక్కల మధ్యన ఉన్నాడు. పక్షులు వాలకుండా కట్టిన తాడు తెగి రెక్కలకు చుట్టుకుపోతే కత్తితో కోస్తున్నాడు.

"నువ్వు నిద్రపోతా ఉంటావని లేపలేదు బావా. మెయిన్ తీసేసే దిగినా" అన్నాడు.

జనరేటర్ లైనుకు మెయిన్‌తో సంబంధం లేదు. ఆ టీవీ ఆరి ఉంటే నేను ఎప్పటిలాగే పరుగెత్తి స్టార్టర్లు నొక్కేసేవాణ్ణి. వాణ్ణి రెక్కలు కోసేవో, కరెంటు పట్టుకునేదో.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి టీవీ ఆరిపోయి ఉంది. దానికీ ఫ్యానుకూ ఒకటే బోర్డు, ఒకటే మెయిన్. ఇన్వర్టర్ లేదు, బ్యాటరీ లేదు. మా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైర్లన్నీ చూపించాను. "తీసినాక ఒక్క క్షణం వెలగొచ్చేమో అన్నా. అంతసేపంటే నేను నమ్మను" అని నా వైపు అదోలా చూశాడు. తర్వాత ధైర్యం చేసి ఆ ఆట మళ్ళీ చాలాసార్లు ఆడాను. ఒక్క నొక్కుకే వీల్ తిరుగుతుంది. నీళ్ళలో ఎవరూ లేరు.

ఏ దేవుడో కాపాడాడని మా ఆవిడ మొక్కు తీర్చుకుంది. నేనూ అలాగే అనుకుని నిమ్మళంగా ఉండేవాణ్ణేమో. వాడి బిడ్డ బారసాల నాడు, అన్నాలు తింటుండగా సురేష్ మామూలుగా ఒక మాట అన్నాడు.

"ఆ రోజు తాడు కోస్తా ఉంటే రెక్కలు ఉండుండి కొంచెం కదిలి ఆగిపోతా ఉండినాయి బావా. గాలికేమోలే అనుకున్నా."

ఆ రోజు గాలి లేదు. గట్టు మీద గడ్డి పరక కూడా కదల్లేదు. నేను బటన్ నొక్కుతూ కూర్చున్న సంగతి వాడికి ఈరోజుకీ చెప్పలేదు.