సునీత సైకిల్ కీచుమన్న వారం

2015 ఏప్రిల్. విజయనగరంలో రైల్వే స్టేషనుకు వెళ్ళే దారిలో మా సైకిల్ షాపు. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా అదే పని. చక్రం రిమ్మును రబ్బర్లు నొక్కి ఆపే పాత బ్రేకులైతే కళ్ళు మూసుకుని బిగించేవాణ్ణి. డిస్క్ బ్రేకులు మా ఊరికి అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటి సంగతి తెలిసినవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే అని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరు ఒక్క వారంలో దిగిపోయింది.

సునీత సోమవారం పొద్దున్నే వచ్చింది. భోగాపురం అవతల సముద్రపు ఒడ్డున వాళ్ళ పల్లె. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. ఈ అమ్మాయి డిగ్రీ చదువుతూ కొండదారుల్లో సైకిల్ పందాలు తొక్కుతోంది. ఆదివారం సెలక్షన్లు. నెగ్గితే రాష్ట్ర జట్టులో చోటు. లేకపోతే మరో అవకాశం లేదు, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

"నిరుడు దిగుడులో బ్రేకు అందక పడిపోనాను బాబాయ్. ఈపాలి డిస్కులు ఏస్తేగానీ నాను దిగలేను," అని మోచేతి మీద మచ్చ చూపించింది.

సామానంతా తనే తెచ్చుకుంది. డిస్కుకు పనికొచ్చే చక్రాలు, బ్రేకులు, ముందుకీ వెనక్కీ సరిపడా రెండు సెట్ల స్పేరు ప్యాడ్లు. చక్రం మధ్యనుండే హబ్‌కి పళ్ళెంలాంటి ఉక్కు బిళ్ళను ఆరు బోల్టులతో బిగిస్తారు. దాన్ని రోటర్ అంటాం, వాడుకలో డిస్కు. దాన్ని రెండు వైపులా పట్టుకునే దవడ కాలిపర్. ఆ దవడలో ఉండే పళ్ళు ప్యాడ్లు. బోల్టులు వరసగా కాదు, ఎదురెదురుగా బిగించాలి, లేకపోతే డిస్కు వంకరపోతుంది. కాలిపర్‌ను కాస్త వదులు చేసి, హ్యాండిలు మీది బ్రేకు లీవరు నొక్కిపట్టి, అప్పుడు బిగిస్తే ప్యాడ్లు డిస్కుకు సరిగ్గా మధ్యలో కూర్చుంటాయి. అన్నీ పద్ధతి ప్రకారం చేశాను. వీధిలో ఇటు చివర నుంచి అటు చివరకు తొక్కి చూశాను. లీవరును వేలితో తాకితే ఆగింది.

బండి ఏదైనా మా షాపు గడప దాటేముందు పసుపు బొట్టు పెట్టడం మా నాన్న నాటి అలవాటు. పాత సైకిళ్ళకు హ్యాండిలుకీ మడ్‌గార్డుకీ పెట్టేవాణ్ణి. ఈ డిస్కు చూస్తే అచ్చం స్వామివారి చేతిలో చక్రంలా మెరిసిపోతోంది. ముచ్చటేసి రెండు డిస్కులకూ మూడేసి బొట్లు పెట్టాను. సునీత నవ్వి సైకిలెక్కి వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నానికి సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది.

"ఏటి బాబాయ్ ఇది? నొక్కితే ఊరంతా వినబడతాది గానీ ఆగనేదు."

తొక్కి చూస్తే నిజమే. కీచుమని గోల, బ్రేకు మాత్రం జారిపోతోంది. "కంపెనీ ప్యాడ్లు నాసిరకం," అని చేతులు దులుపుకున్నాను. డిస్కులు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి, స్పేరు సెట్టొకటి వేశాను. మళ్ళీ వీధిలో తొక్కాను, బ్రహ్మాండంగా ఆగింది. మళ్ళీ బొట్లు పెట్టి పంపాను.

గురువారం మళ్ళీ అదే గోల. ఈసారి ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకు తప్పు దొరకలేదు, అందుకే కోపం వచ్చింది. తప్పు దొరకనప్పుడే నాకు నోరు పెద్దదవుతుంది.

"డిస్కుకి నూనె తగిలితేనే ఇలగ అరుస్తాది. మీ ఇంట్లో సేపల గంపల పక్కన ఎట్టినావేటి? సేప జిడ్డే ఇది," అన్నాను.

సునీత ముఖం ఎర్రబడింది. "నా మంచం పక్కనెట్టుకుని, మీద దుప్పటి కప్పి తొంగుంటన్నాను బాబాయ్. మా గంపలు దాని దరికి కూడా రానేదు. నీకు రాదంటే రాదని సెప్పు, వైజాగ్ అట్టుకెళ్ళిపోతాను. మా సేపల మీద ఎందుకు తోస్తావు?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టే తగిలింది. ఒక గంట ఆగమని బెంచీ మీద కూర్చోబెట్టాను. పక్కన ఫోన్లు బాగుచేసే కొట్టు నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడిగి తెచ్చాను. జిడ్డును ఆనవాలు లేకుండా తీసేసే ద్రవం అది. తెల్లగుడ్డ తడిపి డిస్కును గట్టిగా తుడిచి, గుడ్డ తిప్పి చూశాను.

పసుపుపచ్చగా ఉంది.

వాసన చూశాను. చేప వాసన కాదు, నువ్వులనూనె. ఉత్త పసుపు ఎండి రాలిపోతుందని బొట్టు పసుపును నేను నువ్వులనూనెలో కలిపి డబ్బాలో ఉంచుకుంటాను. నా ఉంగరపు వేలు చూసుకున్నాను. గోరు చుట్టూ అదే రంగు. బిగించాక నేను తొక్కి చూసింది రెండుసార్లూ బొట్టు పెట్టకముందే. ఆ తర్వాత మొదటిసారి బ్రేకు నొక్కగానే ప్యాడ్లు నా నూనెను పీల్చేసుకున్నాయి.

సిగ్గేసింది. కంపెనీని అన్నాను, వాళ్ళ గంపలను అన్నాను. ఇప్పుడు ఇంకేదో కథ చెప్పి మూడో సెట్టు వేసి పంపేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. కానీ కూర్చున్న ఆ పిల్లను చూస్తే నోరు రాలేదు. గుడ్డ తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను.

"మీ సేపలు కాదు తల్లీ. నా బొట్టే. తప్పు నాది."

సునీత గుడ్డను చూసింది, డబ్బాను చూసింది, నన్ను చూసింది. కోపం వస్తుందనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓలమ్మో! మాది బాప్టిస్టు సర్చి బాబాయ్, మాం బొట్లు ఎట్టం. నువ్వు అంత పేమగా ఎడతంటే వద్దనలేక ఊరుకున్నాను. అప్పుడే వద్దంటే పోయేదేటి!"

మిగిలింది ఆఖరి సెట్టు. డిస్కులు రెండూ విప్పి, ఆల్కహాల్‌తో మూడుసార్లు తుడిచాను. కాలిపర్ లోపల కూడా తుడిచాను. చేతులు సబ్బుతో రుద్దుకుని, అంచులు మాత్రమే పట్టుకుని కొత్త ప్యాడ్లు పెట్టాను. కొత్త ప్యాడ్లకు డిస్కు మీద పట్టు కుదరాలంటే వేగంగా తొక్కి మెల్లగా బ్రేకు వేస్తూ ఇరవై ముప్పైసార్లు చేయాలి. కంటోన్మెంట్ వైపు ఖాళీ రోడ్డులో సునీత తొక్కింది, నేను ఎండలో నిలబడి లెక్కపెట్టాను. ముప్పయ్యోసారికి చప్పుడే లేదు. రెండు వేళ్ళతో తాకిందో లేదో, సైకిల్ నా కాళ్ళ ముందు నిలిచింది.

షాపుకు తిరిగొచ్చాక అలవాటుకొద్దీ చెయ్యి డబ్బా మీదకు పోయింది. చటుక్కున వెనక్కి తీసుకున్నాను.

"హ్యాండిలుకి ఎట్టు బాబాయ్, నాకేటీ అడ్డు నేదు," అంది సునీత. పెట్టాను. ఒక్కటే, చిన్నది.

ఆదివారం షాపు మూసి సెలక్షన్లు జరిగే కొండ దగ్గరకు వెళ్ళాను. ఆఖరి దిగుడులో, సరిగ్గా మలుపు దగ్గర నిలబడ్డాను. నా కళ్ళ ముందే ఇద్దరు జారి తుప్పల్లోకి పోయారు. తర్వాత సునీత వచ్చింది. చాలా వేగంగా వచ్చింది. ఇంక ఆపలేదు, పోయింది అనుకున్నాను. మలుపుకు రెండు గజాల ముందు వేళ్ళు కదిలాయి. చప్పుడు లేదు. చక్రం మట్టిని కొరికి పట్టుకుంది, సైకిల్ తిరిగింది, అమ్మాయి కిందికి వెళ్ళిపోయింది. నేను అక్కడే కేకలు పెట్టి గంతులేశాను. పక్కనున్నాయన, "మీ అమ్మాయా?" అని అడిగాడు. "బ్రేకులు నావి!" అన్నాను.

సాయంత్రం సునీత షాపు ముందు దిగింది. ఒంటి నిండా దుమ్ము. "సెలెక్టయిపోనాను బాబాయ్!" అని అరిచింది. వెనకే వాళ్ళమ్మ ఆటో దిగింది, చేతిలో తాజా వంజరం చేప. నా ముందు పెట్టి, "మా గంపలోదే బాబూ. జిడ్డుంటాదేమో సూసుకో," అంది. ఆ వీధిలో ఆ సాయంత్రం నవ్వనివాళ్ళు లేరు, అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఆ తర్వాత ఎన్ని డిస్కులు బిగించానో లెక్కలేదు. బొట్టు మానలేదు, కానీ అది హ్యాండిలు దాటి కిందికి దిగదు. ఎవరైనా కీచుమంటున్న బ్రేకుతో వస్తే, వాళ్ళను ఒక్క ప్రశ్న అడిగేముందు వెలుతురులోకి వెళ్ళి నా వేళ్ళు చూసుకుంటాను.