సగమయ్యేదాకా మరిగించిన నీళ్లు

నేను చెప్పేది ఇప్పటిదాకా ఎవరూ పూర్తిగా వినలేదు. సగం విని ఫోను చూసుకున్నవాళ్లున్నారు, కుర్చీ చూపించకుండానే మాట్లాడి పంపినవాళ్లున్నారు, "పెట్టి పోండి, చూస్తం" అన్నవాళ్లున్నారు. ఎవరు ఏ బల్ల వెనక కూర్చుని ఏమన్నారో అంతా గుర్తుంది. మరిచిపోయే అలవాటు నాకు లేదు. అందుకే మొదటినుంచి రాస్తున్నాను.

మాది మహబూబాబాద్. జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా ల్యాబ్‌లో ఒక పాత క్రొమటోగ్రఫీ యంత్రం ఉంది. ఏదో మందుల కంపెనీ వదిలించుకుంటే మా దగ్గరికి చేరింది. మందుబిళ్లలో ఏమేం కలిసి ఉన్నాయో విడదీయడానికి అది పనికొస్తుంది గానీ, నీళ్లలో కరిగి ఉండే అయాన్లను విడదీయలేదు. వాటికి వేరే కాలమ్ కావాలి. కాలమ్ అంటే మెత్తని పొడి దట్టించిన సన్నని స్టీలు గొట్టం. కొనమని అడిగితే ప్రిన్సిపాల్ "సిలబస్‌ల ఉన్నదా?" అన్నాడు. లేదన్నాను. "మరింకేంది" అన్నాడు.

ఉన్న పాత కాలమ్‌నే మార్చుకున్నాను. అందులోని పొడికి జిడ్డును పట్టుకునే గుణం ఉంటుంది. సబ్బు జాతి రసాయనం ఒకటి నీళ్లలో కలిపి, దాని గుండా గంటల తరబడి పంపాను. ఆ రసాయనానికి తోక జిడ్డుది, తలకు ధనావేశం. తోకలు పొడికి అతుక్కుపోయి తలలు బయటికి నిలబడతాయి. ఇక ఆ గొట్టంలోకి ఏ నీళ్లు పంపినా, వాటిలోని రుణ అయాన్లను ఆ తలలు పట్టి ఆపుతాయి. కానీ అన్నింటినీ ఒకేలా ఆపవు. పెళ్లి పందిట్లో చుట్టాలు తక్కువున్నవాడు భోంచేసి చక్కగా బయటపడతాడు, అడుగడుగునా చుట్టం తగిలేవాడు పొద్దుగూకినా బయటికి రాడు. (నన్నైతే ఎక్కడా ఎవరూ ఆపరు.) అలాగే క్లోరైడ్ ముందు వస్తుంది, తరువాత నైట్రైట్, ఆ వెనక నైట్రేట్. గొట్టం చివర అతినీల కాంతి పడుతుంటుంది. ఆ కాంతిని మింగే అయాన్ వచ్చినప్పుడు తెర మీద గీత గుట్టలా లేస్తుంది. పూత మెల్లమెల్లగా ఊడిపోతుంది కాబట్టి, ప్రతి నమూనాకు ముందొకసారి, తరువాత ఒకసారి, నైట్రేట్ ఎంత ఉందో తెలిసిన నీళ్లు పంపి సరిచూసుకుంటాను. ఈ మాట ముఖ్యం. తరువాత నన్ను అన్నవాళ్లెవరూ దీన్ని అడగలేదు.

స్టాఫ్‌రూములో కోస్తా నుంచి వచ్చిన ఫిజిక్స్ ఆయన, "మాస్టారూ, మీ కాలమ్ కూడా మీలాగే 'ఏంది, ఎట్ల' అంటుందాండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. మహబూబాబాద్‌లో ఒక సెమినార్‌లో ఈ కాలమ్ గురించి మాట్లాడబోతే, భోజనాల తరువాత వేళ ఇచ్చి, నేను రెండో మాటలో ఉండగానే శాలువాల కార్యక్రమానికని మైకు తీసుకున్నారు. శాలువా నాకు కాదు.

ఇంతదాకా నా గోడు. ఇక అసలు సంగతి.

మా చెల్లెను కాటారం అవతల, అడవి అంచున ఉన్న ఊరికి ఇచ్చాం. మొన్న వానాకాలం పోయాక ఆమె కూతురు తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. కొడుకు పుట్టాడు. తల్లికి పాలు చాలలేదు, డబ్బాపాలు మొదలుపెట్టారు. కొన్నాళ్లకు పిల్లవాడి పెదవులు, గోళ్లు నీలంగా మారాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టి, ఆ తరువాత భూపాలపల్లి తీసుకుపోయారు. గుండె జబ్బు కావచ్చునని అక్కడి డాక్టరు పెద్ద దవాఖానకు పంపాడు. అక్కడ ఉన్నన్ని రోజులు పిల్లవాడు తేరుకున్నాడు, ఒంటికి రంగు వచ్చింది. అక్కడి నీళ్లు వేరు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. మంచిగైందని ఇంటికి పంపారు.

నేను చూడబోయేసరికి పెదవులు మళ్లీ కమిలినట్టున్నాయి. సూది గుచ్చినప్పుడు రక్తం బెల్లంపాకం రంగులో ఉందని మా మేనకోడలు చెప్పింది. నీళ్లలో నైట్రేట్ ఎక్కువైతే పసిపిల్లల నెత్తురు ప్రాణవాయువును మోయలేక ఆ రంగుకు తిరుగుతుంది. వంటింట్లో చెల్లె అత్తగారు గంజులో నీళ్లు మరగబెడుతోంది.

"ఏంది అత్తమ్మా, గిన్ని నీళ్లు?"

"పసిగుడ్డుకు కొడుకా. ఓమ ఏసి సగమయ్యేదాక కాగితేనే బలం. గీ నీళ్లల్లనే పాలపొడి కలుపుతం. గిది మీ కాలేజిల చెప్పరా?"

"నల్లా నీళ్లు వస్తలేవా?"

"వస్తయి. గా మందు కంపు నీళ్లు మా బర్లే తాగయి. బోరింగు నీళ్లు చక్కెర తీరుగుంటయి."

బోరింగు వాడ మధ్యలో ఉంది. ఒక పక్క బర్రెల కొట్టం, పెంటకుప్ప. ఇంకో పక్క యూరియా తాగి నల్లపచ్చగా పెరిగిన వరి. బోరింగు సిమెంటు గద్దె మీద తెల్ల పెయింటుతో 'ఈ నీరు తాగవచ్చు' అని రాసి ఉంది. బోరింగు నీళ్లు ఒక సీసాలో, గంజులో మరిగిన నీళ్లు ఇంకో సీసాలో పట్టుకున్నాను. పరీక్ష తేలేదాకా డబ్బాపాలు ఆపమన్నాను. "ఆకలికి ఏడిస్తే నువ్వు ఊకుంచుతవా?" అంది అత్తమ్మ.

మర్నాడు జనగామలో రెండూ నడిపించాను. నైట్రేట్ రావాల్సిన చోట బోరింగు నీళ్లకు గీత లేచింది, తాగే నీళ్లకు పెట్టిన హద్దు దాటి చాలా పైకి. గంజు నీళ్లకు దానికి రెట్టింపు లేచింది. వెంటనే ఫోను చేశాను.

"చెల్లె, బాబుకు గా నీళ్లు బంద్ చెయ్యి. నల్లా నీళ్లల్ల కలుపు."

"మంచిగ మరగబెట్టే పోస్తున్నం గదనే అన్నా."

"మరగబెట్టుడే ఖరాబు చేస్తున్నది. పురుగైతె సస్తది, గిది సావది. నీళ్లు సగమైతే గది డబుల్ అయితది. పిల్లగాని కడుపుల పడి నెత్తురును ఖరాబు చేస్తది."

వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "ఏమంటడు మీ అన్న? మరగబెట్టొద్దంటడా? డాక్టరు మరగబెట్టుమన్నడు, నర్సమ్మ మరగబెట్టుమన్నది. గీయనొక్కడే మొగోడు!"

ఇంటాయన వచ్చాక అడిగి చూస్తానంది చెల్లె. అంతకు రెండోనాడు పొద్దున భూపాలపల్లి తోవలో, ఆటోలో, తల్లి ఒడిలోనే పిల్లవాడు పోయాడు. కాగితం మీద గుండె జబ్బు అనే రాశారు. పసిపిల్లల చావుకు దినాలు చేయరు. చేను గట్టున పాతిపెట్టి వచ్చారు. నేను పోయేసరికి బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలతో మామూలుగా నిలబడి ఉన్నారు. నీళ్ల వల్లే అన్నానని అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఆమెకు నా మాటలో వినబడింది ఒక్కటే: నీ చేత్తో నువ్వే పోశావని. నేనట్లా అనలేదు. అయినా ఆ కోపం ఆమెకు ఉండాల్సిందే. నాకు కోపం వేరేవాళ్ల మీద.

నీళ్ల పరీక్షలు చూసే అధికారి దగ్గరికి ఫలితాలు పట్టుకుపోయాను. నిలబెట్టే అడిగాడు.

"ఫ్లోరైడ్ ఎంతున్నది?"

"నా యంత్రానికి ఫ్లోరైడ్ కనబడదు సార్. గా కాంతిని అది మింగదు."

"ఫ్లోరైడే కనబడకపోతే గదేం పరీక్ష సారూ? గా బోరింగుకు మేమే చేసినం. ఫ్లోరైడ్ తక్కువున్నది, తాగొచ్చని రాసినం."

"నైట్రేట్ చూసిన్రా?"

ఆయన నా కాగితం తిరగేశాడు. "గీ కాలమ్ ఏ కంపెనీది?"

"మామూలు కాలమే. అయాన్ల కోసం పూత నేను వేసిన."

ఆయన పక్కనున్న గుమాస్తా వైపు తిరిగాడు. "విన్నవా? సారే తయారు చేసిండట."

"అప్పడాల తీరుగనా సార్?" అన్నాడు గుమాస్తా. ఇద్దరూ నవ్వుకున్నారు. చాయ్ రెండు కప్పులే వచ్చింది.

నిజమే, మా పక్క ఊళ్లలో వంకరపోయిన కాళ్లు చూసి చూసి, చెడ్డ నీళ్లంటే ఫ్లోరైడ్ నీళ్లని అందరి బుర్రలో పాతుకుపోయింది. అది తక్కువుంటే చాలు, ఇంకేమున్నా అమృతమే. మళ్లీ పోయాను. గేటు దగ్గరే "సారు మీటింగుల ఉన్నడు" అన్నారు. కిటికీలోంచి సారు కనబడుతూనే ఉన్నాడు. ఇక లాభం లేదని ఆ ఊరికి పోయి, గద్దె మీది 'తాగవచ్చు'ను రాయితో గీకేశాను. ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి, "సర్కారు రాత చెరపనీకి నువ్వెవలవయా?" అని నన్ను వాడ దాటించాడు. తరువాత మళ్లీ రాయించారు, ఈసారి ఇంకా పెద్ద అక్షరాలతో.

మొన్న చెల్లె ఫోను చేసింది. పక్కింటి పిల్ల కాన్పుకు తల్లిగారింటికి వచ్చిందట. నెలలు నిండాయట. వాళ్ల అవ్వ కాటారం అంగట్లో ఓమ కొని తెచ్చుకుందట. "నేను చెప్తె ఇంటలేరే అన్నా. రాసింది చదవరాదా అంటున్నరు" అని ఏడ్చింది.

నా కాలమ్‌ను నమ్మమని నేను ఎవరినీ బతిమాలడం లేదు. కంపెనీ ముద్ర ఉన్న మీ కాలమ్ మీదే పరీక్ష చేయండి. నేను తప్పని తేలితే జనగామ చౌరస్తాలో నిలబడి ఒప్పుకుంటాను, శాలువాలు కప్పుకున్నవాళ్లందరినీ పిలవండి. కానీ ఆ పిల్లకు నొప్పులు రాకముందే ఒక్క మాట చెప్పండి. ఫ్లోరైడ్ ఎంతో నాకు చెప్పకండి, అది నేను అడగలేదు. ఆ బోరింగు నీళ్లలో నైట్రేట్ ఎంతుంది? 'తాగవచ్చు' అని రాయించిన చేయి ఎవరిదైతే వాళ్లే నాకు జవాబు చెప్పాలి.